పోగులు విప్పే మందు

భాద్రపదం, శుద్ధ దశమి

ఇవాళ సూరపరాజుకి అతని పెళ్ళి సంగతి చెప్పాను. తాళి కట్టే వేళకి గాలివాన వచ్చిందనీ, పందిరి కూలి వంటపాత్రల మీద పడిందనీ, పెళ్ళికూతురు నవ్వు ఆపుకోలేక పీటల మీద నుంచి లేచిపోయిందనీ చెప్పాను. ముసలాయన శ్రద్ధగా విన్నాడు. "ఇంతకీ భోజనాలు పెట్టారా, లేదా?" అన్నాడు. ఆ సంగతి వాళ్ళబ్బాయి నాకు చెప్పలేదు. తెలియదన్నాను.

తెలియనిది తెలియదనే చెప్పాలి, కల్పించకూడదు. మా పనిలో అది మొదటి నియమం. సొంతవాళ్ళకి సొంతవాళ్ళు చెప్పకూడదన్నది రెండోది. ఇంట్లోవాళ్ళు చెబితే మనిషిని తమకు కావలసినట్టు మార్చేసుకుంటారు. తాగుబోతు మొగుడు దేవుడైపోతాడు, గయ్యాళి అత్త అమాయకురాలైపోతుంది. అందుకని ముందు వాళ్ళు మాకు చెబుతారు, మేం రోగికి చెబుతాం. మందు వేయించుకుని అంతా మరిచిపోయినవాళ్ళకి వాళ్ళెవరో చెప్పే పని మాది. ఈ వార్డులో ఇద్దరమే, నేనూ మెహరున్నీసా అక్కా. పరాయివాళ్ళ బతుకులు చెప్పీ చెప్పీ మా సొంతవి వాటిలో కలిసిపోతాయని, మా సంగతులు మమ్మల్నే రాసుకోమంది డాక్టరమ్మ. అందుకే ఇది రాస్తున్నాను.

సాయంత్రం పోటు మొదలవకముందే ఇల్లు చేరాను. సముద్రం కొల్లేట్లోకి వచ్చేశాక ఇక్కడ అందరివీ స్తంభాల మీద కట్టుకున్న ఇళ్ళే. తిథి చూసుకుని పడవ తియ్యాలి. నాంచారి బాతుల షెడ్డు నుంచి నాకంటే ముందే వచ్చి వంట చేసేసింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటే అన్నం ఉప్పగా ఉంది. ఏమీ అనకుండా తిన్నాను.

"ఏంటి బావా, మాటా పలుకూ లేకుండా తింటన్నావు?" అంటూ తనూ ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపేసింది.

వసారాలో మాకు రెండు డ్రమ్ములు. ఒకటి వాన నీళ్ళది, ఇంకోటి గిన్నెలు కడిగే కొల్లేటి ఉప్పునీళ్ళది. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ అవి అక్కడే ఉన్నాయి.

"ఎండన పడి వచ్చాను కదా, ఏదో ధ్యాసలో ముంచుంటాను," అంది.

అవునన్నాను. కాదని ఇద్దరికీ తెలుసు. కిందటి వానాకాలం బాతులకి ఫ్లూ తగిలినప్పుడు షెడ్డులో పనిచేసేవాళ్ళందరితోపాటు తనకీ వచ్చింది. పడకేసి లేచింది. ఈ మరపు జబ్బు అలా లేచినవాళ్ళకే వస్తుంది.

భాద్రపదం, బహుళ తదియ

డాక్టర్ ఫిలోమినా నాంచారి వెన్నులోంచి కాస్త నీరు తీసింది. ఈ జబ్బులో పుట్టే పోగులకు మాత్రమే అంటుకునే రంగు ఒకటుంది, అది కలిపి మైక్రోస్కోపు కింద పెట్టింది. చూసి తలెత్తి, "నువ్వు చూడక్కర్లేదు పెద్దిరాజూ," అంది. చూశాను. చీకట్లో ఆకుపచ్చగా మెరుస్తూ సన్నటి పోగులు, చిక్కుపడి పారేసిన వలలాగా.

"జొరం తగ్గిపోయిందన్నారుగా డాక్టరమ్మా," అంది నాంచారి.

"తగ్గింది. వైరస్ కూడా పోయింది. అది తయారుచేసిన ప్రోటీను ముక్క మాత్రం పోలేదు. చాలా పొట్టిది. ఒంటరిగా ఉంటే ఏమీ చెయ్యదు. ఒకదానికొకటి అతుక్కుంటే పోగవుతుంది, పోగయ్యాక ఒంటికి దాన్ని కరిగించడం చేతకాదు. పక్కనున్న మన ప్రోటీన్లని కూడా లాక్కుని తనలాగే మడతపెట్టేస్తుంది."

"మందు సంగతి ఊళ్ళో అనుకునేది విన్నాను. మీ నోటితో చెప్పండి."

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను.

"మన జ్ఞాపకాలు నిలిచేది కూడా ఇలాంటి పోగుల మీదేనమ్మా. అవి మనవి, మంచివి. అవి అలా గట్టిపడబట్టే నిన్నటిది ఇవాళ గుర్తుంటోంది. మందుకి ఆ తేడా తెలియదు. చెడ్డవాటినీ మంచివాటినీ అన్నిట్నీ విప్పేస్తుంది. మాటలు మిగులుతాయి, చేతిపనులు మిగులుతాయి. మనుషులు మిగలరు."

"వేసుకోకపోతేనో?"

"ముందు పేర్లు పోతాయి. తర్వాత దార్లు. తర్వాత మింగడం. ఏడాది గడవడం కష్టం."

నాంచారి చీర కుచ్చెళ్ళు సర్దుకుని లేచింది. "బాతులకి మేత వెయ్యాలి, వెళ్ళొస్తానండీ," అంది.

ఆశ్వయుజం, శుద్ధ పంచమి

మందు వద్దంటోంది.

ఎందుకు వద్దో నేను అడగలేదు. జలజ కోసం. జలజ మా కూతురు. మొదటి ఫ్లూ వచ్చిన ఏడాది, ఇంకా ఏ మందూ లేనప్పుడు, అయిదో ఏడు నిండకుండానే పోయింది. ఆ తర్వాత నాంచారి దాని ఊసెత్తకుండా ఒక్క పూట కూడా గడపలేదు. ఏడుస్తూ కాదు. పక్కింట్లో ఆడుకుంటున్న పిల్ల గురించి చెప్పినట్టు చెబుతుంది. ఈ చేప చూస్తే పారిపోయేది, ఈ గౌను ఇప్పుడు పొట్టయిపోయేది, అని. నేను ఊఁ కొడతాను.

ఇవాళ బతిమాలాను. వల బాగుచేస్తూ తల ఎత్తకుండా జవాబిచ్చింది.

"దానికి నేను తప్ప ఎవరున్నారు బావా? నాలోంచి కూడా పోతే అది రెండోసారి పోయినట్టే."

"నేనున్నాను కదే."

"పొద్దున పడవెక్కితే దీపాలు పెట్టాక వచ్చేవాడివి. నీకు తెలిసింది ఎంత?"

"వీడియోలున్నాయి. అన్నీ చూపిస్తారు."

"వీడియో చూస్తే తెలుస్తది. గుర్తు రాదు. నీ పనే అది కదా, ఆ తేడా నీకు నేను చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. సూరపరాజు పెళ్ళి వీడియో చూసి, పెళ్ళికొడుకు బాగున్నాడు, ఎవరతను, అన్నాడు.

ఆశ్వయుజం, బహుళ అష్టమి

వార్డులో ఉండగానే పక్కింటివాళ్ళు కబురు పెట్టారు. నేను వెళ్ళేసరికి నాంచారి నిచ్చెన దిగి ఛాతీ లోతు నీళ్ళలో నిలబడి ఉంది. మిట్టమధ్యాహ్నం. ఇళ్ళ అరుగుల మీద జనం. ఎవరూ నవ్వడం లేదు. అందరిళ్ళలోనూ ఒకరికో ఇద్దరికో వచ్చిన జబ్బే.

"జలజా! చెప్తే వినవే! లోతుకి పోవద్దన్నానా!" అని అరుస్తోంది. నన్ను చూసి, "బావా, ఇప్పుడే ఇక్కడుంది. పడవ కింద చూడు, పడవ కింద దూరింది," అంది.

నేనూ దిగాను. పడవ కింద చూశాను. స్తంభాల మధ్యా చూశాను. ఇంకేం చెయ్యను? తనతోపాటు నేనూ పిలుస్తూ వెతికాను. ఆ పేరు అంత గట్టిగా పిలిచి ఎన్నేళ్ళయిందో. అలిసిపోయాక భుజం పట్టుకుని, "అది లేదే, పోయింది కదా," అన్నాను. అప్పుడు తను అరిచిన అరుపు, అది పోయిన రోజు అరిచిన అరుపే. కొంచెం కూడా తేడా లేదు.

పైకి తీసుకొచ్చి తల తుడిచాను. టీ తాగాక తేరుకుంది.

"దాన్ని వెతికానా?"

"ఊఁ."

"బతికే ఉందనుకున్నానా?"

"ఊఁ."

"పోయిందని నువ్వు నాకు చెప్పావా?"

తల ఊపాను.

"ఇక రోజూ ఇంతేనా? రోజూ వెతకడం, రోజూ నువ్వు చెప్పడం?"

మందు వేసుకోనివాళ్ళని వార్డులో చూస్తూనే ఉన్నాను. ఇంతేనన్నాను. తువ్వాలు మొహం మీద కప్పుకుంది.

ఆశ్వయుజం, అమావాస్య

ఒప్పుకుంది. ఒక షరతు పెట్టింది.

"దాని గురించి నాకు చెప్పాలి. విన్నా నాకేం అనిపించకపోయినా సరే. నేను సుఖంగా ఉన్నాను కదా, ఎందుకులే అని నీకనిపించినా సరే. దాచకూడదు. ఒట్టెయ్."

తల మీద చెయ్యిపెట్టి ఒట్టేశాను. నేను చెప్పకూడదు కాబట్టి చెప్పేది మెహరక్క. రేపటి నుంచి రోజూ ఇంటికొచ్చి వింటానంది.

కార్తీకం, శుద్ధ చవితి

మెహరక్క చాప మీద కూర్చుంటుంది, నాంచారి స్తంభానికి ఆనుకుని చెబుతుంది. నేను బియ్యం ఏరుతూనో చేపలు శుభ్రం చేస్తూనో వింటాను. నా కూతురి గురించి నాకు తెలియనివి ఇన్ని ఉన్నాయా అనిపిస్తోంది.

చింతగింజలు బుగ్గన పెట్టుకుని ఎవరడిగినా నోరు తెరిచేది కాదట. గూడబాతు ముక్కు కింద సంచి చూసి, "అందులో దాని చెప్పులు పెట్టుకుంటదా అమ్మా?" అని అడిగిందట. అవునంటే, "మరి ఎప్పుడేసుకుంటది?" అందట. చేప కళ్ళంటే భయమట. అన్నం తినాలంటే ముందు చేప కళ్ళ మీద ఆకు కప్పాలట.

"పడుకునేటప్పుడు నా చెవి తమ్మె పట్టుకోవాలి దానికి. కమ్మ గుచ్చుకుంటదని తీసేసేదాన్ని," అంది నాంచారి. ఇన్నేళ్ళుగా తను ఆ చెవికి కమ్మ పెట్టుకోకపోవడం చూస్తూనే ఉన్నాను. ఎక్కడో పారేసుకుందనుకున్నాను.

మధ్యలో ఒకచోట ఆగిపోయింది. "ఆ రోజు... చివరి రోజు... అది నన్ను ఏదో అడిగింది. నీళ్ళు కాదు. ఏదో అడిగింది మెహరక్కా. మొన్నటిదాకా ఉంది నా దగ్గర." వేళ్ళతో నుదురు నొక్కుకుంటూ, నొక్కుకుంటూ, వెక్కివెక్కి ఏడ్చింది.

"తెలియకపోతే తెలియదనే చెప్పుకుందాంలేమ్మా," అంది మెహరక్క. ఆవిడ కూడా కళ్ళు తుడుచుకుంది.

జలజ ఏమడిగిందో నాకు తెలియదు. ఆ పూట నేను డాక్టరు కోసం పడవలో తిరుగుతున్నాను.

కార్తీకం, శుద్ధ ఏకాదశి

మందు ఇవాళ ఎక్కించారు.

కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. మందెక్కేదాకా సొంతవాళ్ళు పక్కనుండొచ్చు. సెలైన్ లాగే ఉంటుంది, రంగు లేదు, నొప్పి లేదు. నాంచారి నా చెయ్యి పట్టుకుంది.

"రేపు నేను నీకు నచ్చకపోతే ఏం చేస్తావు బావా?"

"నువ్వు నాకు నచ్చకపోవడమేంటి?"

"పోనీ, నువ్వే నాకు నచ్చకపోతేనో?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. "అట్టా మొహం పెట్టకు. చిన్నప్పుడు మా ఇంటికొచ్చినప్పుడు కూడా నువ్వు నాకు మొదట నచ్చలేదు. చీమిడి ముక్కోడివి."

ఆ తర్వాత పెదవులు మాత్రం కదులుతున్నాయి. వంగి విన్నాను. జలజ, జలజ, జలజ అనుకుంటోంది. కొట్టుకి పంపిన చిన్నపిల్ల, తేవలసింది మరిచిపోకుండా దారంతా అనుకుంటూ పోయినట్టు. సీసా సగమయ్యాక కూడా అనుకుంటూనే ఉంది. కళ్ళు మూతలు పడుతున్నా అనుకుంటూనే ఉంది.

ఆ పెదవులు ఆగిపోవడం చూశాను.

కార్తీకం, బహుళ విదియ

నన్ను చూసి, "మంచినీళ్ళు ఇస్తారాండీ?" అంది. ఇచ్చాను.

కార్తీకం, బహుళ దశమి

నాంచారి నవ్వుతోంది. వార్డులో అందరికీ అది వినిపిస్తోంది. పక్క మంచం ఆవిడ ఏదో అంటే పొట్ట పట్టుకుని నవ్వింది. పళ్ళెంలో పెట్టిన దోసకాయ పచ్చడి మొదటిసారి తిన్నట్టు తిని, ఇదేంటి, ఇంత బాగుంది, అని వేళ్ళు నాక్కుంది. నడకలో కూడా బరువు లేదు. పెళ్ళికి ముందు మా అత్తవాళ్ళ రేవులో పడవ మీంచి పడవ మీదకి గెంతే పిల్ల ఇలాగే ఉండేది. జలజ పోయాక ఆ పిల్లని నేను మళ్ళీ చూడలేదు. ఇవాళ చూశాను.

మధ్యాహ్నం మెహరక్కని వసారాలోకి పిలిచాను.

"జలజ సంగతి చెప్పొద్దక్కా."

ఆవిడ వార్డు తలుపు దగ్గరగా వేసింది.

"నువ్వే చూస్తున్నావు కదా. ఎలా నవ్వుతోందో చూడు. ఆ బరువు మళ్ళీ ఎందుకు నెత్తిన పెట్టడం? నా గురించి చెప్పు, వాళ్ళమ్మానాన్నల గురించి చెప్పు. పిల్ల సంగతి వదిలెయ్. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఇలా అంటావనే కదా ఆ పిల్ల నీ చేత ఒట్టేయించుకుంది."

"ఒట్టు తప్పిన పాపం నాకే చుట్టుకోనీ."

"పెద్దిరాజూ," అంది మెహరక్క. ఆవిడకి కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు, ఇప్పుడూ రాలేదు. "ఆ కబుర్లు నాంచారి నాకప్పగించింది, నీకు కాదు. నా ప్రాణం పోయినా దాచను. నువ్వు వినలేకపోతే ఆ పూట ఇంటికెళ్ళు."

మార్గశిరం, శుద్ధ షష్ఠి

ఇంటికెళ్ళలేదు. తడిక అవతల నిలబడ్డాను.

మెహరక్క మా పెళ్ళీ, ఇల్లూ, బాతుల షెడ్డూ ఇదివరకే చెప్పింది. ఇవాళ జలజ. ఏమీ వదల్లేదు. చింతగింజలు చెప్పింది. గూడబాతు చెప్పులు చెప్పింది. అక్కడ నాంచారి పకపకా నవ్వింది. "ఎంత ముద్దుగా ఉందండీ!" అంది. చెవి తమ్మె సంగతి చెబితే తన చెవి తడుముకుంది. తడిక సందులోంచి చూశాను.

జొరం వచ్చిన రోజులు చెప్పేటప్పుడు నవ్వు ఆగిపోయింది. చివరికి, "పిల్ల ఏదో అడిగింది. ఏమడిగిందో ఇప్పుడు ఎవరికీ తెలియదు," అని మెహరక్క ముగించింది.

నాంచారి నిట్టూర్చింది. "పాపం," అంది. "ఆ తల్లి ఎట్టా తట్టుకుందోనండీ."

మెహరక్క నాంచారి చెయ్యి పట్టుకుంది. "ఆ తల్లివి నువ్వేనమ్మా."

"అవును కదా," అంది నాంచారి. "నేనే కదా."

రేవులో పడవ కట్టుతాడు కిర్రుమంటోంది. తర్వాత తడిక అవతలి నుంచి, తప్పు చేసి దొరికిపోయిన దానిలా, "ఏడుపు రావట్లేదండీ," అంది. "రావాలి కదా? చూస్తున్నాను, రావట్లేదు. ఆ పాప ఏమీ అనుకోదు కదండీ?"

అక్కడ నుంచి ఎలా వచ్చానో తెలియదు. పడవలో కూర్చుని నా పిడికిలి నేనే కొరుక్కున్నాను.

మార్గశిరం, బహుళ చవితి

మందు వేసుకున్నవాళ్ళు ఇంటికి వెళ్ళాలని లేదు. ఎక్కడ ఉండాలో వాళ్ళ ఇష్టం. నాంచారి బాతుల షెడ్డు దగ్గరే ఉంటానందట. అక్కడ ఆడవాళ్ళకి గదులున్నాయి. మొదటి రోజే బాతుని చంకలో ఇరికించుకుని ఫ్లూ పరీక్షకి ముక్కులోంచి నమూనా తీసిందనీ, ఎవరూ నేర్పనక్కర్లేకపోయిందనీ డాక్టరమ్మ చెప్పింది. వెన్ను నీటిలో పోగులు లేవు. ఆయుష్షు ఉన్నన్నాళ్ళు బతుకుతుందంది. చేతులు జోడించాను. అందుకే కదా మందు ఇప్పించింది.

ఇంటికొచ్చి ఒక్కడికి సరిపడా బియ్యం కొలవడం రాక, ఇద్దరికి వండాను.

పుష్యం, శుద్ధ తదియ

పొద్దున్నే వార్డు రేవులో పడవ కడుతుంటే, షెడ్డు పడవలోంచి నాంచారి దిగింది. నమూనాలు ఇవ్వడానికి వచ్చింది. ఇచ్చేసి తిరిగి వెళ్ళిపోతుందనుకున్నాను. నా దగ్గరికొచ్చి నిలబడింది.

"కాస్త మాట్లాడొచ్చాండీ?"

రేవు మెట్ల మీద కూర్చున్నాం. మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ.

"మెహరక్క చెప్పిందంతా చాలాసార్లు తలుచుకున్నానండీ. మీరు మంచివారని కూడా చెప్పింది. ఇంటికి రాలేకపోతున్నాను, ఏమనుకోకండి. అబద్ధం ఆడినట్టుంటుంది."

"ఏమీ అనుకోలేదండీ," అన్నాను. నా నోట ఆ 'అండీ' ఎలా వచ్చిందో నాకే తెలియదు.

"అందరూ నన్ను పాపం అంటున్నారు. బిడ్డని మరిచిపోయింది, మొగుణ్ణి మరిచిపోయింది అని. నాకు లోపల ఎక్కడా నొప్పి లేదండీ. ఎంత వెతికినా లేదు. పోగొట్టుకున్నది నేను కాదేమోననిపిస్తోంది. మీరు. ముందు పాపని, తర్వాత మీ ఆవిణ్ణి. ఇద్దర్నీ మీరే పోగొట్టుకున్నారు. మిమ్మల్ని ఎవరైనా పలకరించారో లేదో అని వచ్చాను."

నాకు ఏడుపు వచ్చింది. జలజ పోయినప్పుడు నాంచారిని పట్టుకోవాలి కాబట్టి నేను ఏడవలేదు. మందెక్కేటప్పుడు తను భయపడుతుందని ఏడవలేదు. ఇప్పుడు ఆపుకోవడానికి నా దగ్గర ఏ కారణమూ మిగల్లేదు. రేవులో జనం చూస్తున్నారు. ఆవిడ కంగారుపడలేదు, ఊరుకోమని అనలేదు. పరాయి మనిషి వీపు మీద ఎలా చెయ్యి వేస్తారో అలా, మొహమాటంగా, నా వీపు మీద చెయ్యి వేసింది.

"ఆవిడ ఎట్టా ఉండేదండీ?" అంది కాసేపయ్యాక. "మెహరక్క పాప గురించి చాలా చెప్పింది. పాప తల్లి గురించి చెప్పడానికి అక్కకి తెలిసింది తక్కువ."

ఎంతమందికో ఎంతమంది గురించో చెప్పాను. చనిపోయిన అన్నల గురించి, విడిపోయిన భార్యల గురించి తడుముకోకుండా చెప్పాను. ఇప్పుడు నోరు తెరిచాను. ఒక్క మాట పెగల్లేదు. ఆవిడ ఎదురుచూసింది. ఆటుకి నీళ్ళు తీసి, రేవులో ఒక్కో మెట్టూ బయటపడేదాకా ఎదురుచూసింది. తర్వాత షెడ్డు పడవ వాళ్ళు కేకేస్తే లేచి కొంగు దులుపుకుంది.

"వెళ్ళొస్తాను పెద్దిరాజు గారూ," అంది.

మేనత్త కూతురు. ఉయ్యాలలో ఉన్నప్పటి నుంచీ ఎరుగుదును. తన నోట నా పేరు వినడం అదే మొదటిసారి.